బిడ్డ ముందు, ప్రేమ తర్వాత: ఊహించని పెంపకం చుట్టూ ప్రేమ హాస్యకథను నిర్మించే పద్ధతి

మామూలు ప్రేమకథలో ఇద్దరు కలుసుకుంటారు, ప్రేమించుకుంటారు, పెద్దలను ఒప్పించో ఎదిరించో పెళ్లి చేసుకుంటారు. బిడ్డ పుట్టడం కథ ముగిసిన తర్వాతి సంగతి. ఇక్కడ చెప్పబోయేది ఆ వరస తలకిందులైన హాస్యకథ గురించి. ఇందులో బిడ్డ ముందు వస్తుంది, ఆ బిడ్డను పెంచవలసి వచ్చిన ఇద్దరి మధ్య ప్రేమ తర్వాత వస్తుంది. వరస మారినప్పుడు కథను నడిపే ప్రశ్న కూడా మారుతుంది. దీన్ని గుర్తించకపోవడం వల్లనే ఇలాంటి కథలు చాలావరకు నడిమధ్యలో చతికిలబడతాయి. వీళ్లిద్దరూ కలుస్తారా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు, ఎందుకంటే పాలసీసా, ఉయ్యాల, జ్వరం మందు వాళ్లను రోజూ కలుపుతూనే ఉంటాయి. "ఈ మనిషి నన్ను కోరుకుంటున్నది నాకోసమేనా, లేక బిడ్డకు ఒక మనిషి అవసరం కనుకనా?" అన్నది అసలు ప్రశ్న.

ఈ అనుమానాన్ని నాటడం, పెంచడం, చివరకు నిజాయితీగా తీర్చడం, ఈ మూడే ఈ కథకు నిర్మాణం. ఎలాగో చూపడానికి నెల్లూరు నేపథ్యంలో నేను అల్లుకున్న కథనొకదాన్ని మొదటి నుంచి చివరిదాకా వెంటబెట్టుకుని వెళతాను.

మొదటి మెట్టు: పేర్ల కంటే ముందు వరసలు తేల్చుకోవడం

తెలుగు కథలో పాత్రలకు పేర్లు చివర పెట్టుకున్నా నష్టం లేదు గానీ, వరసలు మాత్రం ముందే తేలాలి. ఎవరు ఎవరిని ఏమని పిలవాలో, ఏమని పిలవడానికి ఇష్టపడటం లేదో తెలిస్తే సగం సన్నివేశాలు వాటంతటవే పుడతాయి.

నా కథలో నాయకుడు బిడ్డకు మేనమామ, అంటే తల్లికి తమ్ముడు. నాయిక బిడ్డకు మేనత్త, అంటే తండ్రికి చెల్లెలు. ఈ ఎంపికలో ఒక పెద్ద సౌలభ్యం ఉంది. మేనమామ భార్యను బిడ్డ అత్త అంటుంది, మేనత్త భర్తను మామ అంటుంది. అంటే వీళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నా చేసుకోకపోయినా బిడ్డ నోట మాత్రం మామ, అత్త అనే పిలుపులే వస్తాయి. వాళ్లు ఒప్పుకోకముందే భాష వాళ్లను జంటగా కూర్చోబెట్టేసింది. పైగా వరస ప్రకారం ఆమె అతన్ని "బావా" అనాలి. ఆమె అనదు. అక్క పెళ్లినాడు పెద్దలు కుండమార్పిడి ప్రస్తావన తెచ్చి, అన్నకు వాళ్ల పిల్లను చేసుకున్నాం గనుక చెల్లెల్ని వాళ్లింటికే ఇచ్చేద్దామన్నప్పుడు, ఆమె నలుగురిలో వద్దని చెప్పింది. ఆనాటి నుంచి ఆమెకు అతను "మీరు", "ప్రసాద్ గారు". ఆ "గారు" ఎప్పుడు రాలిపోతుందన్నది పాఠకుడు పేజీ పేజీకీ ఎదురుచూసే చిన్న నాటకం.

దీనివల్ల తొలి పరిచయం అనే సన్నివేశం మనకు అవసరం లేకుండా పోతుంది. ముందే కాదనుకున్న ఇద్దరి మధ్య ప్రేమ పుట్టడంలో ఉన్నంత ఊహించనితనం, అపరిచితులు దారిలో ఢీకొనడంలో ఉండదని నా నమ్మకం.

రెండో మెట్టు: బిడ్డ వీళ్ల చేతికి ఎందుకు వచ్చింది

ఈ కారణం గట్టిగా ఉండాలి, హాస్యాన్ని చంపేసేంత బరువుగా మాత్రం ఉండకూడదు. బిడ్డ తల్లిదండ్రులు చనిపోయినట్లు రాస్తే ప్రతి నవ్వు వెనుకా ఒక శవం ఉంటుంది. దాన్ని మోయగల రచయితలు ఉన్నారు గానీ, తొలి ప్రయత్నంలోనే ఆ బరువు ఎత్తుకోవద్దు. నా కథలో అక్క జాతీయ రహదారి మీద ప్రమాదానికి గురవుతుంది. వరసగా శస్త్రచికిత్సలు, ఆ తర్వాత నెలల తరబడి నడక నేర్చుకోవడం. నెల్లూరు వాళ్లకు పెద్ద వైద్యమంటే సుమారు 175 కిలోమీటర్ల దూరంలోని చెన్నై అలవాటే కనుక, బావ ఆమె వెంట అక్కడే ఉండిపోతాడు. ఆరు నెలల పాప ఇక్కడ మిగిలిపోతుంది. నాయకుడి తల్లికి మోకాళ్ల నొప్పులు, పాపను ఎత్తలేదు. నాయిక తండ్రి ఒంటరి మనిషి, పాలు కలపడం రాదు. తల్లి తప్పకుండా తిరిగి వస్తుందని అందరికీ తెలుసు. ఆ సంగతి కథ చివర ఎంత ముఖ్యమవుతుందో నాలుగో సంధిలో, అంటే కథ నాలుగో భాగంలో, చూద్దాం.

గుడి మెట్ల మీదో రైలు పెట్టెలోనో దొరికిన పసిబిడ్డను నాయకుడు ఇంటికి తీసుకువెళ్లి పెంచేస్తున్నట్లు రాసేవారు ఒక విషయం తెలుసుకోవాలి. బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం అలా దొరికిన బిడ్డ సమాచారాన్ని, ప్రయాణానికి పట్టే సమయం పోను, 24 గంటల్లోగా బాలల సహాయ నంబరు 1098కు గానీ పోలీసులకు గానీ బాలల సంక్షేమ సమితికి గానీ అందించాలి. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను దత్తత ఇవ్వరు. "మనం పెళ్లి చేసుకుంటే పాప మనకే దక్కుతుంది" అనే మలుపు కూడా నిలవదు, ఎందుకంటే బంధువుల దత్తత వంటి మినహాయింపులు తప్ప, దంపతులకు కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలని నిబంధన ఉంది. నిజానికి ఈ అడ్డంకులను దాటవేయడం కంటే కథలోకి తెచ్చుకోవడంలోనే ఎక్కువ హాస్యం దొరుకుతుంది: సమితి కార్యాలయంలో బల్ల మీద కూర్చుని ఉన్న బ్రహ్మచారి ఒడిలో పాప నిద్రపోవడం, నిద్ర లేస్తుందేమోనని అధికారి ప్రశ్నలన్నీ గుసగుసగా అడగడం వంటివి.

మూడో మెట్టు: కాలానికి గట్టు కట్టడం

పెంపకపు కథకు సహజంగా ముగింపు ఉండదు, బిడ్డ పెరుగుతూనే ఉంటుంది. అందుకని బయటి నుంచి ఒక హద్దు తెచ్చుకోవాలి. నెల్లూరులో కథ రాసేవారికి ఆ హద్దు చేతికందేంత దగ్గరలో ఉంది. స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగలో, కోరిక ఉన్నవారు ఆ కోరిక పేరున్న రొట్టెను చెరువు నీళ్లలో నిలబడి మరొకరి చేతి నుంచి అందుకుంటారు. కోరిక తీరినవారు మరుసటి ఏడు అదే పేరు రొట్టెను తెచ్చి మరొకరికి ఇస్తారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె, ఇలా దేని పేరు దానిది. ఒక ఏడు పుచ్చుకోవడం, మరో ఏడు ఇవ్వడం అనే ఈ ఆచారంలోనే ఒక కథకు కావలసిన ఆరంభమూ ముగింపూ ఉన్నాయి. చాంద్రమానం కనుక పండుగ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జులై 17న మొదలైన పండుగ 2025లో జులై 6న మొదలైంది. మీ కథా సంవత్సరాన్ని బట్టి లెక్క సరిచూసుకోండి, స్థానికులు ఇట్టే పట్టేస్తారు.

దీన్ని వాడుకునేటప్పుడు ఒక మర్యాద పాటించాలి. హిందువులు, ముస్లింలు భుజం భుజం కలిపి అదే నీళ్లలో నిలబడే చోటు అది. హాస్యం మనుషుల తొందరలో, మొహమాటంలో ఉండాలి తప్ప మొక్కులో ఉండకూడదు.

నాలుగో మెట్టు: ఐదు సంధుల అస్థిపంజరం

మూడంకాల పద్ధతి ఈనాడు సినిమా రచయితలందరికీ అలవాటే. ఈ రకం కథకు నాకు అంతకంటే బాగా ఉపయోగపడింది భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన ఐదు సంధుల విభజన: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణ. ముఖంలో విత్తనం పడుతుంది. ప్రతిముఖంలో అది మొలకై కనిపిస్తూ, కనిపించకుండా పోతూ ఉంటుంది. గర్భంలో ఫలం దొరికినట్లే దొరికి చేజారుతుంది, మళ్లీ వెతుకులాట మొదలవుతుంది. విమర్శలో ఆటంకం వచ్చి, పాత్రలు తాము కోరుకున్నదాన్నే ప్రశ్నించుకుంటాయి. నిర్వహణలో చెదిరిన పోగులన్నీ ఒక దగ్గరికి చేరతాయి. అనుమానమే వెన్నెముక అయిన కథకు, అనుమానానికే ప్రత్యేకంగా ఒక సంధి కేటాయించిన నిర్మాణం కంటే తగినది ఏముంటుంది?

నలభై సన్నివేశాల కథ అనుకుంటే నేను ముఖానికి 7, ప్రతిముఖానికి 9, గర్భానికి 12, విమర్శకు 8, నిర్వహణకు 4 కేటాయిస్తాను. ఇది నా కొలత మాత్రమే, శాస్త్రం చెప్పినది కాదు. నడుమ ఉన్న గర్భసంధి బాగా వెడల్పుగా ఉండాలన్నది మాత్రం పట్టుబట్టి చెబుతాను.

ముఖసంధి: విత్తనం

పండుగనాడు రెండు కుటుంబాలూ చెరువు దగ్గరికి వస్తాయి. అక్క రెండేళ్ల కిందట పుచ్చుకున్న సంతాన రొట్టె ఫలించింది కనుక, అయిదు నెలల పాపను చంకనేసుకుని రొట్టె ఇవ్వడానికి వచ్చింది. నాయిక నెల్లూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది; ఉదయం చీకటితో వెళ్లి రాత్రి స్టడీ అవర్లు ముగిశాక ఇంటికి చేరే బతుకు. ఆమె తండ్రి కూతురికి చెప్పకుండా ఆమె పేరున పెళ్లి రొట్టె పుచ్చుకుంటాడు. ఆమెకు కోపం వస్తుంది, రొట్టెను పారేయడానికి మనసొప్పదు, పక్కనే నిలబడిన అతని చేతిలో పెట్టి "మీరు తినండి" అంటుంది. తెల్లవారుజాము నుంచి ఏమీ తినని అతను, అది ఏ రొట్టెనో అడగకుండానే తినేస్తాడు. ఇదే బీజం. ఇక్కడ ఎవరూ దాని గురించి వ్యాఖ్యానించకూడదు. తండ్రి ఒక్కడు చూస్తాడు, ఊరుకుంటాడు.

ముఖసంధి ముగిసేసరికి ప్రమాదం జరిగి, పాప మిగిలి, ఇద్దరి మధ్య ఒక ఒప్పందం కుదరాలి. ఒప్పందం ప్రేమకు ఏమాత్రం చోటు లేనంత పొడిగా ఉండాలి. అతను మైపాడు వైపు సముద్రం ఒడ్డున రొయ్యల గుంటలు సాగుచేస్తాడు, నెల్లూరుకు దాదాపు పాతిక కిలోమీటర్లు. పగలు పాప అతని తల్లి కళ్ల ముందు అక్కడ, రాత్రి ఆమె దగ్గర నెల్లూరులో, ఆదివారం వంతులవారీగా. కాగితం మీద ఎంతో చక్కగా ఉన్న ఈ ఏర్పాటు ఎన్ని రోజులకు కూలిపోతుందా అని పాఠకుడు అప్పటికే లెక్కపెట్టడం మొదలుపెట్టాలి.

ప్రతిముఖం: రాని పనిని నేర్చుకోవడం

ఇక్కడ హాస్యం ఎక్కువగా ఉండాలి, అది పాత్రల వృత్తుల్లోంచి రావాలి. తలకిందులుగా కట్టిన డైపరు గురించి అందరూ రాశారు. రొయ్యల రైతు మాత్రమే చేయగల పొరపాటు ఏమిటో ఆలోచించండి. గుంటలో రాత్రి పూట కిరణజన్య సంయోగక్రియ జరగదు కనుక నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువకు చేరుతుంది. అందుకే అతను రాత్రి మూడింటికి లేచి, నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి. రోజూ దాణా ఎంత వేశాడో, చెక్ ట్రేలో ఎంత మిగిలిందో, నీటి పీహెచ్ ఎంతో ఒక పుస్తకంలో గళ్లు గీసి రాసుకుంటాడు. పాప వచ్చిన మూడో రోజు ఆ పుస్తకంలోనే పక్క గడి గీసి, ఎన్ని మిల్లీలీటర్ల పాలు పెట్టాడో, ఎంత మిగిల్చిందో రాయడం మొదలుపెడతాడు. వారానికొకసారి రొయ్యల బరువు తూచినట్లు పాపనూ తూస్తాడు. పాపతో పాటు సంచిలో వచ్చిన ఆ పుస్తకాన్ని రాత్రి నెల్లూరులో తెరిచి, మేనత్త లెక్కల తప్పులను ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతుంది.

సంస్కృత లాక్షణికులు బిందువు అని ఒకదాన్ని చెప్పారు: కథ దారం తెగినచోట మళ్లీ అతికించేది. మీ కథకు అలాంటి వస్తువొకటి తప్పక ఉండాలి, అది ఇద్దరి చేతుల మధ్య తిరుగుతూ ఉండాలి. నా కథలో ఆ పుస్తకమే బిందువు. ఎదురుపడి మాట్లాడుకోని రోజుల్లో కూడా వాళ్లు ఆ గళ్లలో మాట్లాడుకుంటారు. మొదట అంకెలు, తర్వాత "ఈ రోజు రాగిజావ ఊసేసింది", ఆ తర్వాత "మీరు దగ్గుతున్నారు, మందు సంచిలో పెట్టాను."

ఈ సంధిలోనే పతాకను, అంటే కథతో పాటు చాలా దూరం నడిచే ఉపకథను కూడా ప్రారంభించాలి. అతని తల్లీ ఆమె తండ్రీ ఆ పనికి సరిపోతారు. ఇద్దరూ వియ్యంకుల వరస, ఇద్దరికీ ఒకరి పెంపకం పద్ధతి మీద ఒకరికి నమ్మకం లేదు, ఇద్దరికీ మనసులో ఉన్న కోరిక మాత్రం ఒకటే. తొమ్మిదో నెల టీకా కోసం వచ్చిన ఆశా కార్యకర్త వంటి ఒక్క సన్నివేశపు పాత్ర ప్రకరి; తల్లీబిడ్డల కార్డులో "తండ్రి" గడి చూస్తూ ఆమె అతనివైపు తల ఎత్తడం చాలు, అంతకంటే సాగదీయవద్దు.

గర్భసంధి: కథ బలమంతా ఇక్కడే

ఈ రకం కథల్లో రచయితలు పొరబడేది ప్రధానంగా ఈ చోటే. పాప ముద్దు చేష్టలతో ఒక పాట, మార్కెట్లో భార్యాభర్తలని పొరబడిన దుకాణదారు, వానలో తడిసిన రాత్రి, వీటితో సంధిని నింపేసి, ప్రేమ పుట్టిందని ప్రకటిస్తారు. పాఠకుడు ఒప్పుకోడు, ఎందుకంటే అక్కడ ఎవరూ ఎవరికోసమూ ఏమీ వదులుకోలేదు. పెంపకం లోపల పుట్టే ప్రేమకు సాక్ష్యం నిద్ర. ఎవరి నిద్ర ఎవరు కాచారన్నది చూపించండి.

నెల్లూరుకు వాన ఈశాన్య రుతుపవనాల నుంచే ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల భయం. నవంబరులో పాపను తీసుకువెళ్లడానికి మైపాడు వచ్చిన మేనత్త, దారి మీదికి నీళ్లు రావడంతో మూడు రోజులు అక్కడే ఇరుక్కుపోతుంది. కరెంటు లేదు. జనరేటరులో ఉన్న డీజిల్ గుంటలకు ఒక రాత్రికి మాత్రమే సరిపోతుంది. పాపకు జ్వరం. అతను గుంటల దగ్గరికీ ఉయ్యాల దగ్గరికీ మధ్య తిరుగుతూ తెల్లవార్లూ మేలుకుంటాడు, ఆమెను లేపడు. మర్నాడు పుస్తకంలో ఆ తేదీ పక్కన అంచున ఒక చిన్న చుక్క పెట్టి ఉంటుంది. ఆమె చూసి, సిరా మరక అనుకుంటుంది. ఆ తర్వాత మరికొన్ని తేదీల పక్కన కూడా చుక్కలు కనిపిస్తాయి. కారణం ఎవరికీ చెప్పవద్దు, పాఠకుడికి కూడా.

ఈ సంధికి గుండెకాయ వంటి సన్నివేశం మరొకటి ఉంది. ఏడాది నిండిన కొద్ది రోజులకు, అతని తల్లి పక్కనున్నప్పుడు, పాప గోడ వదిలి మూడడుగులు వేస్తుంది. అతను చూస్తాడు. మేనత్త చూడలేదే అన్న బాధతో, ఆ రోజు పుస్తకంలో ఏమీ రాయడు. ఆ రాత్రే నెల్లూరులో పాప మళ్లీ నడుస్తుంది. మేనమామ చూడలేదే అని ఆమె కూడా రాయదు. ఆదివారం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, పాపను మధ్యలో నిలబెట్టి, పాప అడుగు వేయగానే ఇద్దరూ మొదటిసారి చూసినట్లే ఆశ్చర్యపోతారు. పక్కనున్న అతని తల్లికీ ఆమె తండ్రికీ నిజం తెలుసు. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, అంతవరకూ ఉన్న తగాదా ఆ చూపులో తీరిపోతుంది. ఒకరి కోసం ఒకరు ఆడిన ఈ చిన్న అబద్ధంలో ఉన్నంత ప్రేమ ఏ ప్రకటనలోనూ ఉండదు. ఇలాంటి సన్నివేశం ఒక్కటి దొరికేదాకా రాయడం మొదలుపెట్టవద్దనే నా సలహా.

గర్భసంధి చివర ఫలం చేతికందినట్లే ఉండాలి. జొన్నవాడలో పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు మేనమామ ఒడిలో పాప, పక్కన మేనత్త, పెన్న మీంచి గాలి. అతను ఏదో చెప్పబోతాడు. అప్పుడే చెన్నై నుంచి ఫోను: అక్క నడుస్తోంది, వచ్చే వారం ఇంటికి వస్తోంది. అందరూ కోరుకున్న శుభవార్త అది. ఆ ఇద్దరి గుండెల్లో మాత్రం ఏదో జారిపోతుంది, అలా జారినందుకు ఇద్దరికీ సిగ్గు కలుగుతుంది. ఈ కథలో ఆటంకం ఒక దుర్మార్గుడి రూపంలో రాదు. మంచి వార్తగా వస్తుంది. అందుకే దాన్ని ఎవరూ ఎదిరించలేరు.

విమర్శసంధి: అవసరాన్ని తొలగించడం

తల్లి వస్తుంది. పాప ఆమెను గుర్తుపట్టదు, మేనత్త చీర కుచ్చిళ్ల వెనుక దాక్కుని మేనత్తనే "అమ్మా" అంటుంది. అక్క నవ్వుతుంది, లోపలికి వెళ్లి ఏడుస్తుంది. ఇక్కడ హాస్యాన్ని కొన్ని పేజీలపాటు పూర్తిగా ఆపేయాలి. ఆపడానికి భయపడే రచయిత ఈ కథ రాయలేడు.

పాప తల్లికి అలవాటు పడాలంటే తాను కనపడకూడదని మేనత్త నిర్ణయించుకుని, కాలేజీ హాస్టలు డ్యూటీ అడిగి తీసుకుంటుంది. నాలుగు రోజులు చూసి అతను ఫోను చేసి, "పాప మీకోసం ఏడుస్తా ఉంది, వచ్చేయండి" అంటాడు. తనకు తెలిసిన భాష అదొక్కటే కనుక అతను ఆ మాట అన్నాడు. ఆమెకు మాత్రం కథ మొదటి నుంచి మనం నాటిన అనుమానం ఒక్కసారిగా ఎదిగి నిలబడుతుంది. పిలిచింది పాప కోసం. ఏడాదిగా జరిగినదంతా పాప కోసం. పాప లేకపోతే నేనెవరిని?

ఇక్కడ శకుంతల కథను ఒకసారి తలచుకోవడం పనికొస్తుంది, ఎందుకంటే ఊహించని ప్రేమ, ఊహించని సంతానం కలిసిన కథల్లో మనకు తెలిసిన అతిపెద్దది అదే. నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో ఉంగరం లేదు, శాపం లేదు. శకుంతల కొడుకును వెంటబెట్టుకుని సభకు వస్తుంది, రాజు గుర్తుండీ కాదంటాడు, ఆకాశవాణి పలికిన తర్వాత ఒప్పుకుంటాడు. అతను ఒప్పుకున్నది ఆమెనా, వారసుడినా అన్న సందేహం చదివేవాడిలో మిగిలే ఉంటుంది. కాళిదాసు దుర్వాసుడి శాపాన్ని, ఉంగరాన్ని చేర్చి మరపుకు కారణం కల్పించాడు. నిర్మాణం దృష్ట్యా నాకు అంతకంటే గొప్పగా తోచేది ఏడో అంకం. అక్కడ రాజు ముందుగా చూసేది సింహపు పిల్ల పళ్లు లెక్కపెడతానంటున్న బాలుడిని. ఎవరి బిడ్డో తెలియకుండానే మనసు పారేసుకుంటాడు. బాలుడి చేతి నుంచి కిందపడిన రక్షను, అంటే తాయెత్తును, ముట్టుకున్నప్పుడు బంధుత్వం తేలుతుంది. శకుంతల కోసం పరితపించడం మాత్రం అంతకు ముందే, ఆరో అంకంలోనే, కొడుకు ఉన్నాడని తెలియకముందే జరిగిపోయింది. ఆమె మీది ప్రేమ బిడ్డ అవసరం లేకుండా ఒకసారి, బిడ్డ మీది ప్రేమ బంధుత్వపు అవసరం లేకుండా ఒకసారి, విడివిడిగా రుజువయ్యాయి. ఆ తర్వాతనే కాళిదాసు ముగ్గురినీ ఒకచోట చేర్చాడు.

మన కథకూ అదే నియమం. పాప తల్లికి పూర్తిగా అలవాటు పడేదాకా నాయకుణ్ణి కదలనివ్వకూడదు. కొన్ని వారాలు గడవాలి. పాప రాత్రిపూట తల్లి పక్కన నిద్రపోవాలి, "అమ్మా" అన్న పిలుపు సరైన మనిషికి చేరాలి. ఇక ఎవరికీ ఎవరి అవసరమూ లేని స్థితి రావాలి. అప్పుడు అతను నెల్లూరు వెళతాడు. ఆమె అలవాటు కొద్దీ అడుగుతుంది.

"పాప ఎట్టా ఉండాది?"

"బాగుంది. పాప సంగతి చెప్పేదానికి రాలేదు నేను."

ఈ సన్నివేశంలో పాప ఉండకూడదు, పాప ఏడుపు ఫోనులో కూడా వినిపించకూడదు. చాలామంది బిడ్డ చేత ఇద్దరి చేతులూ కలిపిస్తారు. అలా చేస్తే అనుమానం తీరదు, కప్పబడుతుంది. అతను మాటకారి కాదు కనుక పుస్తకం ఆమె ముందు పెడతాడు. పాప గడి కొన్ని వారాలుగా ఖాళీగా ఉంది. అంచున చుక్కలు ఎందుకు పెట్టారని ఆమె అడుగుతుంది. అవి ఆమె మధ్యలో లేవకుండా తెల్లవార్లూ నిద్రపోయిన రాత్రులు. మైపాడులో ఉన్న రాత్రులు తాను చూసి పెట్టినవి. మిగతావి ఆమె ఎర్ర పెన్ను రాతలో "నిన్న బాగా నిద్ర పట్టింది" అని రాసిన రోజులు. పాప గడితో వాటికి ఎప్పుడూ సంబంధం లేదు.

నిర్వహణ: తక్కువ మాటలు

మళ్లీ పండుగ. అక్క ఈసారి ఆరోగ్య రొట్టె ఇవ్వడానికి తన కాళ్ల మీద నడిచి వచ్చి నీళ్లలో దిగుతుంది. నాయిక తానే వెతుక్కుంటూ వెళ్లి, ముక్కూమొహం తెలియని ఒక ముసలామె చేతి నుంచి పెళ్లి రొట్టె అందుకుంటుంది. గట్టు మీద పాపను ఎత్తుకుని నిలబడిన అతని వైపు తిరిగి, సగం తుంచి, "బావా, ఇంద" అంటుంది. ఏడాదిన్నర నిండని పాప ఆ మాట పట్టుకుని "బావా" అని అరవడం మొదలుపెడుతుంది. వరస తప్పు, మామ అనాలని ఇద్దరు ముసలివాళ్లూ దిద్దుతూ ఉండగా ఆపేయవచ్చు. పెళ్లి సన్నివేశం రాయవద్దు.

మాట తీరు గురించి

కథనం గ్రాంథికానికి దగ్గరగా ఉన్నా, సంభాషణలు మాత్రం ఆ నేల మీదివే కావాలి. యాసను నవ్వించడానికి వాడకూడదు. మనిషి మనిషిగా వినపడటానికి వాడాలి. ఉదాహరణకు ప్రతిముఖంలోని ఒక మాటల మార్పిడి:

"రాత్రి మూడుకి లేచి గుంట కాడికి పొయ్యేటోళ్లు, పోతా పోతా ఆ పాలు కలిపి పెట్టి పోవచ్చు గదండీ."

"రొయ్యలకి ఆకలైతే అరవవు గదా. ఆ అలవాటులో మర్చిపోయినా."

ఇందులో నవ్వు ఉంది, అతని బతుకు ఉంది, క్షమాపణ కూడా ఉంది. నెల్లూరువాళ్లు "పిల్లకాయ", "ఎట్టా", "యాడ" అంటారని ప్రతి వాక్యంలోనూ చల్లవద్దు. కోపంలోనూ దిగులులోనూ యాస చిక్కబడుతుంది, మొహమాటంలో పలచబడుతుంది. ఫిజిక్స్ చెప్పే ఆమె క్లాసులో ఒక రకంగా, తండ్రితో మరో రకంగా మాట్లాడుతుంది.

చివరి మెట్టు: చిత్తుప్రతిని పరీక్షించడం

ఒక్కో సన్నివేశాన్ని ఒక్కో కార్డు మీద రాసుకుని, నేల మీద ఐదు వరసలుగా పరిచి, రెండుసార్లు వడకట్టండి. మొదటిసారి ప్రతి కార్డులోనూ బిడ్డను తీసేసి చూడండి. విమర్శసంధిలోని ఆ ఒక్క సన్నివేశం తప్ప, బిడ్డ లేకపోయినా నిలబడే సన్నివేశం ఉంటే అక్కడ బిడ్డ అలంకారంగా ఉందని అర్థం. రెండోసారి, ఆ సన్నివేశం తర్వాత ఆమె అనుమానం పెరిగిందా, తగ్గిందా, అలాగే ఉందా అని కార్డు మూల మీద ఒక గుర్తు పెట్టండి. "అలాగే ఉంది" అన్న గుర్తు వరసగా మూడు కార్డుల మీద పడితే వాటిలో రెండు తీసేయాలి. నా మొదటి చిత్తులో గర్భసంధి పన్నెండు కార్డుల్లో ఏడింటి మీద ఆ గుర్తే పడింది. అన్నీ పాప ముద్దు చేష్టలు, నాకెంతో ఇష్టమైనవి. అయిదు తీసేశాను. ఖాళీ అయిన చోట తుఫాను రాత్రి వచ్చింది, దాని వెంట పుస్తకం అంచున ఆ చుక్క వచ్చింది.